ఉసిరి పొడా, విటమిన్ సి సీరమా? నలభై దాటిన ముఖానికి ఏది పనిచేస్తుంది

నాచారం_పద్మజ · నవంబర్ 18, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. నాచారం నుంచి హిమాయత్‌నగర్‌కు రోజూ స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లొస్తాను. పదకొండేళ్లుగా ఇదే దారి. ఈ రెండేళ్లలో కళ్ల పక్కన గీతలు, బుగ్గల మీద మంగు బాగా తేలాయి.

మా అమ్మాయి ఆన్‌లైన్‌లో 15 శాతం విటమిన్ సి సీరం తెప్పించి ఇచ్చింది. సెప్టెంబర్‌లో తెరిచినప్పుడు మంచినీళ్లలా ఉంది. ఇవాళ అరచేతిలో రెండు చుక్కలు వేసుకుంటే పల్చటి టీ డికాక్షన్ రంగులో ఉంది, వాసన కూడా మారింది. బాత్రూంలో గీజర్ కింద ఉన్న అద్దాల అలమరలో పెట్టేదాన్ని.

మా అత్తయ్యగారు మాత్రం "కార్తీకమాసం, రైతుబజార్లో ఉసిరికాయలు కుప్పలు పోశారు. వాటిలో లేని సి విటమిన్ నీ సీసాలో ఉందా?" అంటున్నారు. ఆవిడ మాట కొట్టిపారేయలేను. ఆవిడకు 71, ముఖం మీద ముడతలు నాకంటే తక్కువ.

రంగు మారిన సీరం వాడొచ్చా? ఉసిరి, పసుపు, గ్రీన్ టీ లాంటివి పైపూతగా రాస్తే వయసు గీతలకు నిజంగా పనిచేస్తాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

జీడిమెట్ల_ల్యాబ్ · నవంబర్ 18, రాత్రి 10:30

పద్మజ గారూ, ఆ సీసా పక్కన పెట్టేయండి. నేను పద్నాలుగేళ్లుగా కాస్మెటిక్ ఫార్ములేషన్‌లో పనిచేస్తున్నాను. మీరు చెప్పిన డికాక్షన్ రంగు మా ల్యాబ్‌లో వారం వారం చూసే రంగే.

ఎండ తగిలినప్పుడు చర్మంలో ఫ్రీ రాడికల్స్, అంటే ఎలక్ట్రాన్ తక్కువై పక్కవాటిని దెబ్బతీసే అణువులు పుడతాయి. చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్‌ను తెంపే ఎంజైములు వాటివల్ల పెరుగుతాయి. ఏళ్ల తరబడి ఇలా జరిగితే వచ్చేవే మీరు చూస్తున్న గీతలు. విటమిన్ సి లాంటి యాంటీ ఆక్సిడెంట్ ఆ రాడికల్‌కు తన ఎలక్ట్రాన్ ఇచ్చి చల్లబరుస్తుంది, ఇచ్చేశాక తను ఖర్చయిపోతుంది. మీ సీసాలో జరిగింది కూడా అదే. ముఖం మీద ఖర్చు కావాల్సిన విటమిన్ సి గాలికి, వెలుతురుకు, గీజర్ వేడికి సీసాలోనే ఖర్చయింది. దాని రంగు మొదట లేత పసుపు, తర్వాత నారింజ, చివరికి గోధుమ.

ఇంకో సంగతి. సీసాలో ఉండే ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్, అంటే విటమిన్ సి, పండు పిండి తీసింది కాదు. గ్లూకోజ్ నుంచి ఫ్యాక్టరీలో తయారవుతుంది. 1930ల నుంచి ఫ్యాక్టరీల్లో ఇలా చేస్తూనే ఉన్నారు. పండులో ఉన్నదీ, ఇదీ అచ్చంగా ఒకే అణువు. లేబుల్ మీద నారింజ బొమ్మ చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

చర్మం లోపలికి దిగాలంటే దానికి పుల్లదనం కావాలి. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో షెల్డన్ పిన్నెల్ బృందం 2001లో పంది చర్మం మీద చేసిన పరీక్షల్లో పీహెచ్ (పులుపును కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 కంటే తక్కువ ఉంటేనే బాగా దిగింది. 20 శాతం దాటాక మోతాదు పెంచినా లోపలికి చేరేది పెరగలేదు. దిగిన తర్వాత సగానికి తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది. కాబట్టి ఒక పూట మరిచిపోయారని టెన్షన్ పడక్కర్లేదు.

మల్కాజిగిరి_అనసూయ · నవంబర్ 19, ఉదయం 6:15

అమ్మా పద్మజా, నాకు 66. మా అమ్మ, మా అమ్మమ్మ సీరం పేరు కూడా వినలేదు. ఆదివారం నువ్వుల నూనె రాసుకుని సున్నిపిండితో తలంటు పోసుకునేవారు. పెసరపిండి, బావంచాలు, కచ్చూరాలు, కాస్త పసుపు. మా అమ్మ ఎనభై దాటాక కూడా చెంపలు మెత్తగా ఉండేవి. పెద్దవాళ్లు ఏళ్ల తరబడి చూసి చూసి నిలుపుకున్నవి ఇవి. ల్యాబ్ బాబు చెప్పేది తప్పని నేను అనను. కానీ చేతిలో ఉన్న ఉసిరిని వదిలేసి వేల రూపాయలు పోయడం ఎందుకు?

జీడిమెట్ల_ల్యాబ్ · నవంబర్ 19, ఉదయం 8:50

అనసూయమ్మ గారూ, మీరు అడిగింది న్యాయమే. లెక్క వేసి చూద్దాం.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల పాత పట్టికల్లో 100 గ్రాముల ఉసిరికి 600 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంది. 2017లో వచ్చిన కొత్త పట్టికలో అంతకంటే బాగా తక్కువ చూపించారు. పెద్ద అంకెనే తీసుకున్నా అది 0.6 శాతం. సీరంలో 15 శాతం, అంటే పాతిక రెట్లు. పైగా ఎండబెట్టి దంచిన పొడిలో చాలా భాగం ఎండకే పోతుంది. ఉసిరి గుజ్జు పులుపు చాలామందికి మండుతుంది, పొడి గరుకుగా ఉండి గీరుతుంది. ముఖానికి పట్టించి ఇరవై నిమిషాల్లో కడిగేస్తే లోపలికి చేరేది చాలా స్వల్పం.

తింటే మాత్రం ఉసిరికి సాటి లేదు. ఒంటికి కొలాజెన్ కట్టుకోవడానికి విటమిన్ సి తప్పనిసరి, మనిషి శరీరం దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు. ఉసిరి పచ్చడి రోజూ అన్నంలో కలుపుకోండి. కాకపోతే నోటితో ఎంత తీసుకున్నా ఒక హద్దు దాటాక మిగిలింది మూత్రంలో పోతుంది, ముఖానికని విడిగా చేరదు. పైపూత అవసరం అక్కడే వచ్చింది.

ఉప్పుగూడ_నవీన్ · నవంబర్ 19, మధ్యాహ్నం 1:20

అనసూయ ఆంటీ బావంచాలు అన్నారు కాబట్టి నాకు జరిగింది చెప్పాలి. దయచేసి అందరూ చదవండి.

పోయిన ఏప్రిల్‌లో బాకుచియాల్ అనే పదార్థం గురించి ఒక వీడియో చూశాను. ముడతలకు రాసే విటమిన్ ఎ రకం రెటినాల్‌లాగా పనిచేస్తుంది, మొక్క నుంచి వస్తుంది, బావంచాల్లో ఉంటుంది అన్నారు. సీరం తొమ్మిది వందలు. బేగంబజార్‌లో ఒక మూలికల దుకాణంలో బావంచాలు యాభై రూపాయలకే వచ్చాయి. నల్లగా, చిన్నగా, కిడ్నీ ఆకారంలో ఉన్నాయి. మిక్సీలో పొడి కొట్టి కొబ్బరినూనెలో కలిపి రాత్రి నుదురుకి, రెండు చెంపలకీ రాసుకుని పడుకున్నాను. పొద్దున నీళ్లతో కడిగి బండి మీద గచ్చిబౌలి వెళ్లాను.

ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడు ముఖం కందిపోయి మంట మొదలైంది. మూడో రోజుకి ఎడమ చెంప మీద బఠాణీ గింజంత బొబ్బలు లేచాయి. హెల్మెట్ గడ్డం పట్టీ ఉన్నచోట మాత్రం సన్నటి గీతలా మామూలు చర్మం మిగిలింది, చుట్టూ ఎర్రగా కమిలిపోయింది. బొబ్బలు పది రోజుల్లో ఎండిపోయాయి, వాటి కింద పడ్డ నల్లమచ్చ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మా చెల్లెలి పెళ్లి ఫొటోలన్నింటిలో అది కనిపిస్తుంది.

డెర్మా_సికింద్రాబాద్ · నవంబర్ 19, రాత్రి 8:05

నవీన్, ఇది రాసినందుకు థాంక్స్. నేను చర్మవైద్యురాలిని. ఇలాంటి కేసులు నా ఓపీకి వస్తూనే ఉంటాయి.

బావంచ గింజలో బాకుచియాల్ ఒక్కటే ఉండదు, సోరాలెన్లు కూడా ఉంటాయి. సోరాలెన్ చర్మం మీద ఉండగా ఎండలోని యూవీఏ కిరణాలు తగిలితే కణాలు కాలిపోతాయి. రెండు మూడు రోజులకు ముదురుతుంది, మీకు జరిగింది సరిగ్గా అదే. ఈ గుణాన్నే కొలత ప్రకారం వాడి బొల్లికి చికిత్స చేస్తాం, బావంచను మన వైద్యంలో బొల్లికి వాడింది కూడా అందుకే. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లినా ఇదే జరగొచ్చు, నిమ్మ తొక్కలోనూ ఆ జాతి పదార్థాలే ఉంటాయి.

అనసూయ గారూ, మీ అమ్మగారి సున్నిపిండిలో బావంచ కొద్దిగానే పడేది. రుద్దుకున్న వెంటనే స్నానంలో కడిగేసేవారు. రాత్రంతా నూనెలో నానబెట్టినట్టు ముఖానికి ఉంచుకోవడం వేరు.

ఇక శుద్ధి చేసిన బాకుచియాల్. దీన్ని 1966లో మన పుణె నేషనల్ కెమికల్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు గింజ నుంచి విడదీశారు. సోరాలెన్లు తీసేసిన బాకుచియాల్ 0.5 శాతం రోజుకు రెండుసార్లు, రెటినాల్ 0.5 శాతం రోజుకు ఒకసారి, మొత్తం 44 మందికి 12 వారాలు ఇచ్చి పోల్చిన అధ్యయనం 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చింది. ముడతలు, మచ్చలు రెండు వర్గాల్లోనూ తగ్గాయి, తేడా పెద్దగా లేదు. పొట్టు లేవడం, కుట్టడం రెటినాల్ వాడినవాళ్లలో ఎక్కువ. చిన్న అధ్యయనమే, అయినా మొక్కల పదార్థాల్లో మనుషుల మీద ఈమాత్రం నేరుగా పోల్చి చూసినవి తక్కువ. రెటినాల్ పడనివాళ్లకు నేను దీన్ని ధైర్యంగా రాస్తాను. గర్భిణులు మాత్రం ఏదైనా వాడేముందు తమ డాక్టరును అడగండి.

ఆర్మూర్_టు_అమీర్‌పేట్ · నవంబర్ 19, రాత్రి 9:30

డాక్టర్ గారూ, మాది నిజామాబాద్ వైపు, ఇంట్లో పసుపు పండిస్తాం. పసుపు మాటేమిటి? 1995లో గాయాలు మాన్పే గుణం మీద అమెరికాలో పేటెంట్ ఇచ్చేస్తే, మన కేంద్ర ప్రభుత్వ పరిశోధనా మండలి సీఎస్ఐఆర్ పోరాడి పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. పనిచేయనిదానికి పేటెంట్ ఎందుకు తీసుకుంటారు?

జీడిమెట్ల_ల్యాబ్ · నవంబర్ 19, రాత్రి 11:10

భయ్యా, ఆ పోరాటం మనందరికీ గర్వకారణమే. పుండు మీద పసుపు వేయడానికీ, కంటి పక్కన గీతకు పసుపు రాయడానికీ మధ్య దూరం ఉంది.

పసుపులో పనిచేసే కుర్కుమిన్ సుమారు మూడు శాతం. అది నీళ్లలో కరగదు, వెలుతురుకు విరిగిపోతుంది, ముఖాన్నీ దిండు గలీబునూ పచ్చగా చేస్తుంది. ల్యాబ్ గిన్నెలో మంచి యాంటీ ఆక్సిడెంటే. దాన్ని చర్మం లోపలికి చెక్కుచెదరకుండా పంపడమే మా పని అంతా. అందుకే మేం ఎక్కువగా టెట్రాహైడ్రో కుర్కుమిన్ వాడతాం. పసుపు నుంచే వస్తుంది, రంగు ఉండదు, నిలవ ఉంటుంది.

మీరు ఇంటి పసుపు కొమ్ములు పట్టించుకుంటున్నారు కాబట్టి అదృష్టవంతులు. బజార్లో మరీ మెరిసే పసుపు కొని ముఖానికి రాసేవాళ్లు మాత్రం జాగ్రత్త. రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు విషం కలిపిన సరుకు దేశంలో చాలాసార్లు పట్టుబడింది.

కాప్రా_రేణుక · నవంబర్ 20, ఉదయం 10:05

గ్రీన్ టీ గురించి ఎవరూ చెప్పలేదు. నేను ఆరు నెలలు గ్రీన్ టీ క్రీమ్ వాడాను, తేడా కనిపించలేదు. తప్పు నాదా, క్రీమ్‌దా?

డెర్మా_సికింద్రాబాద్ · నవంబర్ 20, మధ్యాహ్నం 2:40

రేణుక గారూ, తప్పు మీది కాదు. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే యాంటీ ఆక్సిడెంట్ ఎండకు ముందు రాస్తే చర్మం ఎర్రబడటం తగ్గుతుందని చూపించారు. ఉన్న ముడతలు తగ్గించడం వేరే పని. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో 40 మంది మహిళలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు 10 శాతం గ్రీన్ టీ క్రీమ్, మాత్రలు కలిపి ఎనిమిది వారాలు ఇచ్చారు. మైక్రోస్కోప్ కింద చర్మంలోని సాగే పోగులు కాస్త మెరుగుపడ్డట్టు కనిపించింది. కంటికి మాత్రం రెండు గుంపుల మధ్య తేడా తెలియలేదు.

నేను రోగులకు చెప్పే మాట ఇది. యాంటీ ఆక్సిడెంట్ రాబోయే నష్టాన్ని తగ్గిస్తుంది. నిన్నటిదాకా పడ్డ గీతను వెనక్కి తెచ్చే శక్తి దానికి కొంచెమే ఉంది. ఆ పని రెటినాల్, దాని జాతి మందులు (రెటినాయిడ్లు) ఎక్కువ చేస్తాయి.

కూకట్‌పల్లి_సంధ్య · నవంబర్ 20, సాయంత్రం 6:20

మా ఆయన క్యాబ్ నడుపుతారు, ఎక్కువగా శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు. ఈ చర్చ చదివి నిన్న రాత్రి ట్యూబ్‌లైట్ కింద కూర్చోబెట్టి చూశాను. కుడి కన్ను పక్కన ఐదు గీతలు లోతుగా ఉన్నాయి, ఎడమ పక్కన రెండు, అవీ నవ్వితేనే. కుడి చెంప రంగు కూడా ముదురు. పన్నెండేళ్లుగా కుడి కిటికీ పక్కనే కూర్చుంటున్నారు. అద్దాలు ఎత్తే ఉంటాయి, ఏసీ వేసుకునే నడుపుతారు. అయినా ఎండ తగులుతుందా?

డెర్మా_సికింద్రాబాద్ · నవంబర్ 20, రాత్రి 7:55

తగులుతుందమ్మా. ముఖాన్ని ఎర్రగా కాల్చే యూవీబీని అద్దం ఆపుతుంది. లోపలి పొరదాకా దిగి కొలాజెన్‌ను దెబ్బతీసే యూవీఏ పక్క కిటికీ అద్దంలోంచి చాలావరకు వచ్చేస్తుంది. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్నది కాబట్టి అది బాగా ఆపుతుంది. మీ ఆయన రెండు చెంపల తేడా ఎండ చేసిన పనే.

పద్మజ గారికీ ఇదే వర్తిస్తుంది. హైదరాబాద్‌లో ఎండాకాలం మధ్యాహ్నాలు ఎండలోని యూవీ తీవ్రతను చెప్పే యూవీ ఇండెక్స్ 11 దాటుతుంది, అంటే అతి తీవ్రం. సన్‌స్క్రీన్ లేకుండా ఎంత మంచి సీరం రాసినా ప్రయోజనం నిలవదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు తీసి ముఖానికి, మెడకు పట్టించండి. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. మంగు ఉన్నవాళ్లు లేత రంగు కలిసిన సన్‌స్క్రీన్ తీసుకోండి. అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుతురును కూడా కొంత ఆపుతుంది, మంగుకు ఆ వెలుతురు కూడా శత్రువే.

పార్లర్లో పేరు లేని డబ్బాలో ఇచ్చే క్రీముల జోలికి మాత్రం వెళ్లకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే వారంలో ముఖం మెరుస్తుంది, తర్వాత చర్మం పల్చబడి రక్తనాళాలు తేలతాయి.

నాచారం_పద్మజ · నవంబర్ 20, రాత్రి 9:15

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. కొత్తది కొనేటప్పుడు లేబుల్ మీద ఏం చూడాలో కూడా చెప్పండి ల్యాబ్ గారూ.

జీడిమెట్ల_ల్యాబ్ · నవంబర్ 20, రాత్రి 10:45

ముందు సీసా చూడండి. ముదురు గోధుమరంగు గాజు లేదా గాలి చొరబడని పంపు ఉండాలి. పారదర్శకమైన సీసాలో ఆస్కార్బిక్ యాసిడ్ అమ్మితే నేను కొనను.

తర్వాత పదార్థాల జాబితా. మన నిబంధనల ప్రకారం ఒక శాతానికి పైన ఉన్నవి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి, ఒక శాతం లోపు ఉన్నవి ఏ వరుసలోనైనా రాయొచ్చు. ఫినాక్సీ ఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను ఒక శాతం మించి వేయం. కాబట్టి దాని తర్వాత రాసినవన్నీ ఒక శాతం లోపే. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉసిరి, దానిమ్మ, గ్రేప్ సీడ్ అని ఉండి, జాబితాలో అవి ఫినాక్సీ ఇథనాల్ వెనకాల ఉంటే ఆ బొమ్మకు డబ్బు కట్టొద్దు. అన్నీ అలా కాదు. బాకుచియాల్‌కు 0.5 శాతం చాలు, ఫెరూలిక్ యాసిడ్‌కూ అంతే.

ఈ ఫెరూలిక్ యాసిడ్ నాకు చాలా ఇష్టమైన పదార్థం. మన ఇళ్లలో గేదెలకు పెట్టే తవుడులో ఉంటుంది. డ్యూక్ బృందమే 2005లో 15 శాతం విటమిన్ సి, ఒక శాతం విటమిన్ ఇ కలిపిన ద్రావణానికి 0.5 శాతం ఫెరూలిక్ చేర్చింది. అప్పటిదాకా నాలుగు రెట్లున్న ఎండ రక్షణ సుమారు ఎనిమిది రెట్లయింది, విటమిన్లు కూడా తొందరగా పాడవలేదు. అదీ పంది చర్మం మీదే. మొక్కల యాంటీ ఆక్సిడెంట్లలో ఏది నమ్ముతావు అని అడిగితే నేను ముందు చెప్పేది విటమిన్ సి, ఇ, ఫెరూలిక్ ఈ మూడింటి కలయికనే. జాబితాలో మూడూ కనిపిస్తే తీసుకోండి. చిన్న సీసా కొనండి, తెరిచిన తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి.

మల్కాజిగిరి_అనసూయ · నవంబర్ 21, ఉదయం 6:30

తవుడులో అంత ఉందా నాయనా! దంపుడు బియ్యం కడిగిన కుడితి నీళ్లతో మా అమ్మమ్మ ముఖం కడుక్కునేది. నవీన్ బాబూ, ఆ మచ్చ చూపించుకో, అలా వదిలేయకు.

నాచారం_పద్మజ · ఫిబ్రవరి 9, రాత్రి 9:20

మీరు చెప్పినట్టే చేశాను, ఎలా ఉందో రాస్తున్నాను. డిసెంబర్ 4న కొత్త సీరం తెరిచాను, మూడు పదార్థాలూ ఉన్నది. సీసా మీద మార్కర్‌తో తేదీ రాసి ఫ్రిజ్ తలుపులో అల్లం పచ్చడి పక్కన పెట్టాను. ఇవాళ చూస్తే లేత పసుపు, అంతకు మించి మారలేదు. పొద్దున స్నానం తర్వాత నాలుగైదు చుక్కలు, ఆరాక రంగు సన్‌స్క్రీన్, హెల్మెట్ కింద నూలు స్కార్ఫ్. మధ్యాహ్నం భోజనం తర్వాత మళ్లీ సన్‌స్క్రీన్.

తొమ్మిది వారాలైంది. కళ్ల పక్కన గీతలు అలాగే ఉన్నాయి, ముఖం తేటపడింది. మంగు అంచులు పలచబడ్డాయి, నడిమి భాగం ఇంకా ఉంది. రాత్రికి బాకుచియాల్ మొదలుపెట్టి పది రోజులు. అత్తయ్యగారి ముఖం సంగతి కూడా తెలిసింది. ఆవిడ జీవితమంతా పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు తర్వాతే బయటికి వెళ్లారు, నెత్తిన కొంగు లేకుండా ఎప్పుడూ వెళ్లలేదట. ఈ మాట ఆవిడే చెప్పారు, ఉసిరి పచ్చడి వడ్డిస్తూ.

ఒక్క సందేహం. సీరం రాసిన వెంటనే ముక్కు పక్కన చీమ కుట్టినట్టు ఉంటోంది. మానేయాలా?

డెర్మా_సికింద్రాబాద్ · ఫిబ్రవరి 10, ఉదయం 7:40

ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోతే అది దాని పులుపే, భయం లేదు. ముఖం పూర్తిగా తడి ఆరాక రాయండి. ఎర్రబడి గంట తర్వాత కూడా ఉంటే రోజు విడిచి రోజు వాడండి. అప్పటికీ తగ్గకపోతే ఆపేసి చూపించుకోండి. నవీన్, మీ మచ్చ ఎలా ఉంది?

ఉప్పుగూడ_నవీన్ · ఫిబ్రవరి 10, ఉదయం 9:10

సగానికి తగ్గింది మేడమ్. సన్‌స్క్రీన్ ఒక్కరోజు కూడా మానలేదు. మిగిలిన బావంచాల పొట్లం మా అమ్మ దాచిపెట్టింది, నిన్న కనిపిస్తే పారేశాను.